52 రోజుల నాటకం: చీటీ కొన్న ప్రతివాడికీ ఒక డైలాగు

(నాటకాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. రండి, మొహమాటపడకండి.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది నాటకం వేసినవాళ్లు. వేయనివాళ్లు చూసినవాళ్లు. కాబట్టి మిమ్మల్నే అడుగుతాను. ఒక ప్రదర్శన ఎంతసేపు ఆడుతుంది? గంటా, రెండు గంటలా? పాతకాలం పద్యనాటకమైతే తెల్లవార్లూ. అంతకంటే ఎక్కువ మనమెవరమూ చూసి ఉండం. 1607లో హాలండ్‌లో హార్లెం అనే ఊళ్లో ఒక ప్రదర్శన 52 రోజులు నడిచింది. రోజుకో ఆట అనుకునేరు. అలా కాదు. పగలూ రాత్రీ ఆపకుండా, 52 రోజులు. ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్‌లో ముగిసింది.

అందులో కథ లేదు. నాయకుడు లేడు, ప్రతినాయకుడు లేడు. వేదిక మీద రెండు బుట్టలు, వాటి నిండా చీట్లు. ఒక చీటీ తీస్తారు, గట్టిగా చదువుతారు. రెండో బుట్టలోంచి ఇంకో చీటీ తీస్తారు, అదీ చదువుతారు. మళ్లీ మొదటి బుట్ట. మళ్లీ రెండో బుట్ట. 3 లక్షల 8 వేల పైచిలుకు చీట్లు అలా తీశారు. అది లాటరీ.

లాటరీ తీయడం కూడా నాటకమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాటకమేనని నా నమ్మకం. ఆ నమ్మకం ఎందుకో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు ఆ ఊరి సంగతి. హార్లెం అప్పటికి చాలా దెబ్బలు తిన్న ఊరు. 1572 చివర్లో స్పెయిన్ సైన్యం చుట్టుముట్టింది. ఏడు నెలలు తిండికి మాడి, 1573లో లొంగిపోయింది. మూడేళ్లకే, 1576లో, పెద్ద అగ్నిప్రమాదం. ఆ తర్వాత దక్షిణాన ఫ్లాండర్స్ నుంచి నేతపనివాళ్లు వేలమంది వలస వచ్చారు. పని దొరికింది, ఊరు లేచింది. కానీ ఎవరూ లేని ముసలివాళ్లు, కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లు పనిచేసి ఆ తర్వాత వీధిన పడ్డవాళ్లు, వాళ్లకి నీడ లేదు. ఊరి పెద్దలు ముసలివాళ్లకి ఒక ఆశ్రమం కట్టాలనుకున్నారు. డబ్బు? పన్ను వేస్తే జనం ఊరుకోరు. చందా అడిగితే ఇచ్చేవాళ్లు కొద్దిమందే. అందుకని లాటరీ.

ఇది హార్లెం కొత్తగా కనిపెట్టింది కాదు. ఆ ప్రాంతంలో 1440ల నుంచే ఊళ్లు లాటరీలు నడుపుతున్నాయి. 1446లో బ్రూజ్ పట్టణంలో జరిగిన లాటరీలో చీటీ కొన్నవాళ్లలో ఒకామె, యాన్ వాన్ ఐక్ అనే మహా చిత్రకారుడి భార్య. అప్పటికే ఆమె వితంతువు. 1592లో ఆమ్‌స్టర్‌డాంలో మతి చలించినవాళ్ల ఆశ్రయం కోసం లాటరీ పెట్టారు. 1596లో లైడెన్‌లోనూ అలాంటి అవసరానికే. కోట గోడలకీ, రేవులకీ, అనాథలకీ, ముసలివాళ్లకీ, అన్నిటికీ లాటరీయే.

సరే, చీట్లు అమ్మాలి. ఎలా అమ్ముతారు? పేపర్లు లేవు, రేడియో లేదు. ఇక్కడే మనవాళ్లు వస్తారు. మనవాళ్లంటే నాటకం వాళ్లు.

ఆ దేశంలో ఊరూరా రేడరైకర్ల సంఘాలని ఉండేవి. పగలంతా రొట్టెలు కాల్చేవాడు, బట్ట నేసేవాడు, లెక్కలు రాసేవాడు, సాయంత్రం కలిసి పద్యాలు అల్లేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు. ఊరూ ఊరూ పోటీపడేవి. మన పరిషత్తు నాటక పోటీలు ఎలాంటివో, అచ్చం అలాంటివే. పక్క ఊళ్ల సమాజాలు బళ్ల మీద దిగడం, ఊరేగింపు, జెండాలు, ఉత్తమ ప్రదర్శనకి బహుమతి, ఆ బహుమతి మీద తగాదాలు, అన్నీ ఉండేవి. హార్లెంలో ట్రౌ మూట్ బ్లైకెన్ అనే పాత సంఘం ఉంది. ఈనాటికీ ఉంది. ఆ సంఘం 1606 అక్టోబరులో హాలండ్ సంఘాలన్నిటినీ పిలిచి పోటీ పెట్టింది. పోటీకి ఇచ్చిన అంశం ఏమిటి? పేదలను ప్రేమతో ఆదుకునేవాడికి దక్కేదేమిటి, వాళ్లను కాదని తోసేసేవాడికి జరిగేదేమిటి. అన్ని ఊళ్ల వాళ్లూ ఆ ఒక్క అంశం మీదే నాటకాలు కట్టుకొచ్చారు. నాటకం చూసి కళ్లు తుడుచుకున్నవాడు పక్కకి తిరిగితే చీట్లు అమ్ముతున్నారు!

నవ్వుతున్నారు. బాగానే ఉంది. కానీ దీన్ని ప్రకటన అని కొట్టిపారేయకండి. లైడెన్‌లో పదేళ్ల ముందు ఇలాగే చేశారు. అక్కడ యాన్ వాన్ హౌట్ అని ఊరి కార్యదర్శి. స్పెయిన్ ముట్టడి కాలంలో ఊరిని నిలబెట్టినవాళ్లలో ఒకడు. మంచి కవి కూడా. ఆయన స్వయంగా లాటరీ కోసం ఒక నాటకం రాశాడు, ఊళ్లోని పేదరికం గురించి, భిక్షాటన గురించి. ఒక ప్రభుత్వోద్యోగి తన ఊరి బీదల సమస్యని నాటకంగా రాసి జనం ముందు పెట్టాడంటే, అది నాకు చిన్న విషయంగా కనిపించదు.

ఇప్పుడు అసలు ప్రదర్శనకి వద్దాం. చీట్లు తీసే రోజు. తీసే రోజులు.

ఊరి మధ్య ఎత్తుగా వేదిక కడతారు. వెనక బహుమతులు పేర్చి పెడతారు. వెండి గిన్నెలు, బంగారు పూత పూసిన పెద్ద పెద్ద పానపాత్రలు, పళ్లేలు. అవి ఊరికే పెట్టరు, అందరికీ కనిపించేలా మెట్లు మెట్లుగా పెడతారు. ముందుగానే ఊళ్లన్నిటికీ పంపిన పెద్ద కాగితాల మీద ఆ గిన్నెల బొమ్మలు అచ్చువేసి ఉంటాయి. బొమ్మలో చూసిన గిన్నె ఇక్కడ కళ్ల ముందు మెరుస్తూ ఉంటుంది. ఊరి పెద్దలు బల్ల దగ్గర కూర్చుంటారు. రాసుకునే గుమాస్తాలు పక్కన. మంచి బహుమతి వచ్చినప్పుడు బాకా ఊదేవాడు సిద్ధంగా ఉంటాడు.

ఆమ్‌స్టర్‌డాం లాటరీని హిలిస్ కోయిగ్నెట్ అనే చిత్రకారుడు 1593లో బొమ్మ గీశాడు. ఇప్పుడు అది ఆమ్‌స్టర్‌డాం మ్యూజియంలో ఉంది. రాత్రి పూట. చుట్టూ చీకటి, వేదిక మీద దీపాల వెలుగు, కింద జనం. పగలు తీసిన చీట్లూ ఉన్నాయి కదా, ఆయన రాత్రినే ఎందుకు ఎంచుకున్నాడు? నాటకం వేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లైటింగు. వెలుగులో ఉన్నవాడి మీదే చూపు నిలుస్తుందని ఆయనకి తెలుసు.

ఇంకో లెక్క చెప్తాను, మీరే వేసి చూడండి. 3 లక్షల 8 వేల చీట్లు, 52 రోజులు, రోజుకి 24 గంటలు. నిమిషానికి నాలుగు. అంటే ఒక్కో చీటీకి పావు నిమిషం. 15 సెకన్లు. ఆ 15 సెకన్లలో ఏం జరిగేదో తెలిస్తే, ఇది నాటకమని నేనెందుకు అంటున్నానో అర్థమవుతుంది.

చీటీ మీది పద్యం

మనం లాటరీ టికెట్ అంటే నంబరు అనుకుంటాం. అప్పుడు నంబరు లేదు. చీటీ కొన్నవాడు తన పేరో, పేరు చెప్పుకోవడం ఇష్టం లేకపోతే ఒక చిన్న పద్యమో రాయించేవాడు. ఒక పాదం, రెండు పాదాలు, ప్రాస కుదిరితే కుదిరినట్టు. డచ్చివాళ్లు దాన్ని ప్రోజ్ అనేవాళ్లు. అదే వాడి గుర్తు. దేశమంతా తిరిగి చీట్లు అమ్మేవాళ్లు వాటిని పుస్తకాల్లో ఎక్కించి ఊరికి పంపేవాళ్లు. డ్రా రోజున మొదటి బుట్టలోంచి తీసేది ఆ పద్యమే. దాన్ని వేదిక మీంచి గట్టిగా చదవాలి. తప్పదు, ఎందుకంటే అది చదివితేనే ఎవరి చీటీయో తెలుస్తుంది.

ఆలోచించండి. ఒక పనిమనిషి. ఆమె పేరు ఊళ్లో నలుగురికి తెలియదు. ఆమె మాట ఎవరూ ఎప్పుడూ చెవినపెట్టి ఉండరు. ఆమె రాయించిన రెండు పాదాలు ఊరి మధ్యలో, మేయర్ల ముందు, వందలమంది వింటుండగా చదివారు. ఓడ మీద పోయే నావికుడిది చదివారు. రైతుది చదివారు. పెళ్లి కావాలని రాసినవాళ్లు, మొగుడి తాగుడు మీద రాసినవాళ్లు, దేవుణ్ణి తలుచుకున్నవాళ్లు, పక్కింటివాణ్ణి ఆటపట్టించినవాళ్లు, యుద్ధం ఆగాలన్నవాళ్లు. ఒకటి వెనక ఒకటి. జనం నవ్వేవాళ్లు, ఈ పద్యం ఎవరిదో అని చుట్టూ చూసేవాళ్లు. ఆ తర్వాత రెండో చీటీ తీస్తారు. చాలాసార్లు వచ్చేది ఖాళీ చీటీయే. "నీట్!" అని కేక. ఏమీ లేదు అని. అయిపోయింది, పక్క చీటీ.

పద్యం ఆశ. చీటీ జవాబు. ఈ రెండింటి మధ్య ఒక క్షణం. ఆ క్షణమే నాటకం అంటాను నేను. అలాంటి నాటికలు 3 లక్షలు ఆడారు హార్లెంలో. ప్రతిదాన్నీ రాసింది చీటీ కొన్నవాడే. టికెట్ కొన్నవాడే రచయిత, వాడే పాత్ర, వాడే ప్రేక్షకుడు. ఇంకెక్కడైనా చూశారా అలాంటి నాటకరంగం?

ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి ఉండేది. ఎలిజబెత్ రాణి 1567లో మొదటి దేశవ్యాప్త లాటరీ ప్రకటించింది. రేవుల మరమ్మతుకి, దేశరక్షణకి. 4 లక్షల చీట్లు, ఒక్కోటి 10 షిల్లింగులు. మొదటి బహుమతి 5 వేల పౌన్లు, అందులో కొంత నగదు, కొంత వెండి సామాను, మిగతాది గోడలకి వేలాడదీసే అల్లిక గుడ్డలు, నార బట్టలు. అక్కడా చీటీ మీద పద్యం రాసేవాళ్లు. ఒకాయన రాసింది కాగితాల్లో నిలిచింది. దాని భావం ఇది: దేవుడా, నాకూ నా పిల్లలకూ మంచి చీటీ పంపించు, ఒకే భార్యతో ఇరవైమందిని కన్నవాణ్ణి, ఒట్టు. 450 ఏళ్లు దాటినా ఆ మనిషి ఇంట్లో గోల మనకి వినబడుతోంది కదండీ! రాజులవీ ప్రభువులవీ ఉత్తరాలు మనకి బోలెడు మిగిలాయి. ఇరవైమంది పిల్లల తండ్రి మాట మిగలడానికి లాటరీ కావలసివచ్చింది.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. ఇంత హంగామా దేనికి? గదిలో కూర్చుని నలుగురు గుమాస్తాలు చీట్లు తీసి, గెలిచినవాళ్ల పేర్లు గోడకి అంటించవచ్చుగా?

అంటిస్తే ఎవరు నమ్ముతారు? అదే అసలు సంగతి. ఎలిజబెత్ రాణి లాటరీని జనం నమ్మలేదు. నమ్మించడానికి ఆమె ప్రభుత్వం చేయనిది లేదు. బహుమతి సామాను లండన్‌లో చీప్‌సైడ్ వీధిలో అందరూ చూసేలా పెట్టారు. చీటీ కొనడానికి వచ్చినవాణ్ణి ఏడు రోజులపాటు అరెస్టు చేయకూడదని హామీ ఇచ్చారు, పెద్ద నేరాలు తప్ప. ఊళ్ల మీద, చర్చి పరగణాల మీద ఒత్తిడి తెచ్చారు. అయినా అమ్ముడైంది పన్నెండో వంతు. బహుమతుల్నీ పన్నెండో వంతుకి దించారు. డ్రా మొదట ఒక కంసాలి ఇంట్లో పెడదామనుకున్నారు. చివరికి ఎక్కడ పెట్టారో తెలుసా? సెయింట్ పాల్ చర్చి పడమటి గుమ్మం ముందు. లండన్‌లో జనం ఎప్పుడూ మూగే చోటు. 1569 జనవరి 11న మొదలుపెట్టి, పగలూ రాత్రీ, మే 6 దాకా తీశారు. తలుపు వెనక తీస్తే మోసమంటారు. కాబట్టి ఆరుబయట, అందరి కళ్లముందు, గంట గంటకీ. నమ్మకం కావాలంటే ప్రదర్శన కావాలి. అందుకే వేదిక, అందుకే బాకా, అందుకే చీటీని పైకెత్తి చూపించడం.

గెలిచినవాడి ఇంటిదాకా కూడా ఆ నాటకం సాగేది. 1612లో వర్జీనియా కంపెనీ, అంటే అమెరికాలో ఇంగ్లీషు వలస నడిపే కంపెనీ, డబ్బు చాలక అదే సెయింట్ పాల్ దగ్గర లాటరీ పెట్టింది. మొదటి బహుమతి థామస్ షార్ప్లిస్ అనే దర్జీకి వచ్చింది. 4 వేల క్రౌన్ల విలువైన వెండి సామాను. దాన్ని ఆ దర్జీ ఇంటికి మహా వైభవంగా పంపించారని ఆనాటి చరిత్ర రాసినవాళ్లు ప్రత్యేకంగా చెప్పారు. దర్జీ గడప ముందు వెండి ఊరేగింపు ఆగడం వీధంతా చూసింది. ఇంతకంటే మంచి ప్రకటన కంపెనీకి ఏముంటుంది?

పాదర్లు, మతబోధకులు ఒప్పుకోలేదు. చీటీ వేయడం అంటే దేవుడి తీర్పు అడగడమే, బైబిల్లో సామెతల గ్రంథంలో ఉంది, చీట్లు ఒడిలో వేస్తారు, నిర్ణయం మాత్రం దేవుడిది అని. వెండి గిన్నె కోసం దేవుణ్ణి పిలుస్తారా అని వాళ్ల కోపం. దానికి జవాబుగా 1619లో థామస్ గటాకర్ అనే ఇంగ్లీషు మతబోధకుడే ఒక పుస్తకం రాసి, ప్రతి చీటీలోనూ దేవుడు దిగివస్తాడనుకోవడం తప్పు, అది మామూలు సంగతే అన్నాడు. ఆ వాదం పెద్దది, దాన్ని వదిలేస్తున్నాను. కానీ వేదిక ముందు నిలబడ్డ మామూలు మనిషికి ఆ రెండూ కలిసే ఉండేవి. దేవుణ్ణి తలుచుకుని పద్యం రాశాడు, జోకు కూడా రాశాడు.

నంబరు వచ్చాక

తర్వాత ఏమైంది? పద్యం పోయింది. 1694లో ఇంగ్లండు ప్రభుత్వం యుద్ధఖర్చులకి 10 లక్షల పౌన్లు లాటరీతో పోగుచేసింది. లక్ష టికెట్లు, ఒక్కోటి 10 పౌన్లు. నడిపింది థామస్ నీల్. ఆ తర్వాత లాటరీ ఇంచుమించు ఏటా ప్రభుత్వ వ్యవహారం అయిపోయింది. టికెట్‌కి నంబరు. లండన్ గిల్డ్‌హాల్‌లో రెండు పెద్ద చక్రాలు, ఒకదాంట్లో నంబర్లు, రెండోదాంట్లో బహుమతులూ ఖాళీలూ. తీసేది క్రైస్ట్ హాస్పిటల్ బడి పిల్లలు, నీలం కోట్లు వేసుకునే పిల్లలు. పసివాళ్లు మోసం చేయరని నమ్మకం.

ఆ నమ్మకమూ నిలవలేదు. 1775లో ఒక పిల్లవాడికి ఎవరో ఆశపెట్టి చీటీ దాయించారు. వెంటనే ఖజానావారు ఉత్తర్వు ఇచ్చారు. పిల్లల జేబులు కుట్టేయాలి. ఎడమచెయ్యి వెనక్కి పెట్టి నడికట్టులో దోపాలి. కుడిచెయ్యి వేళ్లు చాపి తెరిచి ఉంచాలి. రిహార్సల్లో దర్శకుడు చెప్పినట్టే లేదూ? చెయ్యి ఎక్కడుండాలి, వేళ్లు ఎలా ఉండాలి, అన్నీ. నాటకం హంగు కోసం కాదు, నమ్మకం కోసం అని ఇందాక అన్నాను చూడండి, అది ఈ ఒక్క ఉత్తర్వులో తేటతెల్లంగా ఉంది.

థియేటరు వాళ్లూ ఊరుకోలేదు. 1732లో హెన్రీ ఫీల్డింగ్ ఈ లాటరీనే పాటల ప్రహసనంగా రాసి లండన్‌లో డ్రూరీలేన్ థియేటర్లో వేయించాడు. గిల్డ్‌హాల్ చక్రాలు నాటకం సెట్టులోకి వచ్చాయి. ఒకప్పుడు నాటకం లాటరీ కోసం పనిచేసింది, ఇప్పుడు లాటరీ నాటకానికి వస్తువైంది. కానీ నాకు బాధ కలిగించేది ఒకటుంది. గిల్డ్‌హాల్లో పిల్లవాడి చేతిలోంచి వచ్చింది ఒట్టి నంబరు. ఆ నంబరు వెనక మనిషి ఎవరో, ఏం కోరుకున్నాడో హాల్లో ఎవరికీ తెలియదు. ఖాళీ వస్తే గొణుక్కుంటూ బయటికి పోయాడు. ఇరవైమంది పిల్లల తండ్రి అక్కడ ఉన్నా వాడి మాట మనదాకా రాదు.

ఇంకో ప్రశ్న ఉంది, మీలో చాలామందికి ఈపాటికి వచ్చే ఉంటుంది. ఇదంతా జూదమే కదా? పేదవాడి జేబులోని నాణెం తీసుకుని పేదవాడికే ఇల్లు కట్టడం కదా? అవును. లండన్‌లో 18వ శతాబ్దం వచ్చేసరికి రోజువారీ నంబర్ల మీద పందాలు కాసి ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లు కోకొల్లలు. అందుకే చివరికి 1826లో ప్రభుత్వమే ఆపేసింది. నేను దాన్ని సమర్థించడం లేదు. హార్లెంలో కూడా గెలిచినవాళ్లు కొద్దిమంది, పోగొట్టుకున్నవాళ్లు వేలమంది. కానీ హార్లెంలో పోయిన నాణేనికి రెండు దక్కాయి. ఒకటి, వాడి మాట ఊరు వింది. రెండు, ఆశ్రమం లేచింది.

ఆ ఆశ్రమం ఎలా ఉండేదో చెప్పాలి. 1609కల్లా కట్టేశారు. నాలుగువైపులా చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో పెరడు. 60 ఏళ్లు దాటి, ఒంటరిగా ఉండే హార్లెం మగవాళ్లకి చోటు. వచ్చేవాడు తన సామాను తెచ్చుకోవాలి. మంచం, దిండు ఉన్న కుర్చీ, సత్తు మూత్రపాత్ర, మూడు దుప్పట్లు, ఆరు మంచి చొక్కాలు, రాత్రి పెట్టుకునే టోపీలు ఆరు. రాత్రి ఎనిమిదికి తలుపు తాళం, చలికాలం ఏడుకే. వారానికోసారి హుండీ పట్టుకుని ఊళ్లో చందాకి తిరగాలి. కష్టమైన నిబంధనలే. అయినా నెత్తిన కప్పు ఉంది, పొయ్యిలో నిప్పు ఉంది. ఆ భవనమే ఇవాళ ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడి పేరు మీద ఉన్న మ్యూజియం.

మరి ఆ పాత ప్రదర్శన ఇప్పుడు ఎక్కడైనా ఉందా? స్పెయిన్‌లో ఉంది. మాడ్రిడ్‌లో శాన్ ఇల్దెఫోన్సో బడి పిల్లలు 1771 నుంచి లాటరీ నంబర్లు తీసి, చదవరు, పాడతారు. ఏటా డిసెంబరు 22న, ఇప్పుడు తెయాత్రో రెయాల్ అనే ఒపేరా హాల్లో, వేదిక మీద. గంటల తరబడి. ఒకడు నంబరు పాడితే పక్కవాడు బహుమతి పాడతాడు. వీడియోలు దొరుకుతాయి, ఇంటికెళ్లి చూడండి. హాల్లో జనం రకరకాల వేషాలు వేసుకుని కూర్చుంటారు. నమ్మకం, పాట, వేదిక అన్నీ ఉన్నాయి. చీటీ కొన్నవాడి సొంత మాట ఒక్కటే లేదు.

మీ పిల్లలు ఎవరైనా ఆమ్‌స్టర్‌డాం చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తుంటే, హార్లెం అక్కడికి రైల్లో పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ పెరట్లోకి వెళ్లి రమ్మనండి. అంతకంటే ముఖ్యం, అప్పటి చీటీల పద్యాలు డచ్చి ఊళ్ల పాత దస్తావేజుల్లో నిలిచే ఉన్నాయి. డచ్చి నేర్చిన తెలుగువాళ్లు ఇప్పుడు అక్కడ ఉన్నారు. ఎవరైనా ఒక యాభై పద్యాలు తెలుగులోకి తెచ్చి ఇస్తే, వచ్చే పోటీల్లో ఒక రాత్రి మన వేదిక మీద రెండు బుట్టలు పెట్టి చదువుదాం. చదివే పని నాకివ్వండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, టీ వస్తోంది.